తల్లిగారింటి పత్యం

నర్సక్కకు ఇక పిల్లలు వద్దు. మూడో కాన్పులో రక్తం ఆగలేదు. ఇంకోసారి కడుపొస్తే బతకడం కష్టమని డాక్టరమ్మ మొహం మీదే చెప్పేసింది. చెప్పడం వరకే డాక్టర్ల పని. కడుపు రాకుండా ఏం చెయ్యాలో మహారాష్ట్ర అంచునున్న లక్కడ్‌కోట్‌లో గడపకో మాట ఉంది.

మాత్రలు వేడి. ఈ సంగతి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే నర్సక్క చలికాలమంతా వేసుకుని, ఎండలు ముదరగానే మానేసింది. రెండు వేడులు ఒంట్లో కలిస్తే రక్తం ఎండిపోతుందట. వైశాఖంలో నెల తప్పింది. చివరికి ఉత్త ఆలస్యమేనని తేలింది గాని, ఆ నాలుగు రోజులూ ఆడపిల్లల తలలు దువ్వుతూ, తాను పోతే వీళ్లకు జడలెవరు వేస్తారని ఏడ్చింది.

సరిహద్దు అవతల తెలంగాణ వచ్చిందని టపాకాయలు కాల్చిన వారంలోనే ఆపరేషన్‌కు సిద్ధపడింది. అత్త లస్మవ్వ కాదనలేదు. అవుననీ అనలేదు.

"ఆపరేషనైతే బాలెంత లెక్కనే బిడ్డా. తల్లిగారింట్ల పండాలె, నెలన్నా పత్యం తినాలె. నీకు తల్లేది?"

"నువ్వున్నవు గదత్తా."

"నా చేతుల మీద గాదు. నాకు సుత తల్లి లేకుంటనే ఆపరేషన్ చేసిండ్రు. మా అత్త పత్యం పెట్టింది. ఇగో, నడుం గిట్లయింది. అత్త చెయ్యి పచ్చి ఒంటికి పట్టది."

ముసలిదాని మాటలో కపటం లేదు. ఇరవై ఏళ్లుగా ఆ నడుం మీద చెయ్యి వేసుకునే లేస్తోంది. నర్సక్కను భయపెట్టింది అదే. తిట్టి ఉంటే ఎదురు చెప్పేది.

"పిల్లలను నేను జూస్త, పొయ్యిరా" అన్నాడు భర్త పోశన్న.

"నువ్వు రారాదు తోడు?"

"మొగోడు పత్యం పెడితే ఊరు నవ్వదా?"

ఊరు నవ్వుతుందని భయపడే మగవాళ్లు, పెళ్లాం పోయిన రోజు ఊరందరి ముందు గుండెలు బాదుకుంటారు. అప్పుడు సిగ్గుండదు.

ఊరి ఆశా కార్యకర్త జయ మాత్రం మరాఠీలో వదినా అని పిలుస్తూ, "వహినీ, వారంల లేచి తిరుగుతవ్. తల్లి పెట్టినా, అత్త పెట్టినా అన్నం అన్నమే" అంది. నర్సక్క జయను నమ్మింది. లస్మవ్వనూ నమ్మింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక జయ ఆమెను ఆటోలో తల్లిగారి ఊరు విసాపూర్‌లో దించి వెళ్లింది. తల్లిగారిల్లంటే ఇప్పుడు ఒక తాళం. బొగ్గుగని పనికి వచ్చి ఆ ఇల్లు కట్టిన తండ్రి లేడు, తల్లి లేదు, అన్న వరోరాకు మారిపోయాడు. పక్కింటి రాజమ్మ తాళంచెవి ఇస్తూ అడిగింది.

"తోడెవలు బిడ్డా?"

"వస్తున్నరు" అంది నర్సక్క. ఎవరూ రావడం లేదు.

పొట్ట మీద చెయ్యి అదిమి పట్టుకుని కుంపట్లో నిప్పు చేసింది. వంగలేక, దాన్ని కాలితో మంచం కిందికి నెట్టింది. మాత్రల వేడి చెడ్డది, కుంపటి వేడి మంచిది. ఎందుకని అడగకూడదు. జూన్ ఉక్కపోతలో చెవుల్లో దూది పెట్టుకుని, పెట్టెలోంచి తల్లి పాత చీర తీసి తలకు చుట్టుకుంది. వాము నీళ్లు కాచుకు తాగింది. ఒక్కటీ వదల్లేదు. రేపు నడుం నొస్తే, తల్లి లేనిదని ఊరంతా అంటుంది. తనూ అనుకుంటుంది. ఆ భయం మరీ చెడ్డది.

సాయంత్రం వేడన్నంలో ఎల్లిపాయ కారం కలుపుకుని కూర్చుంది. రెండో ముద్ద ఎత్తి మళ్లీ కంచంలోనే పెట్టేసింది. మొదటి కాన్పుకు ఇదే గదిలో తల్లి ఎదురుగా కూర్చుని, వద్దంటున్నా ఇంకో ముద్ద వేసేది. పత్యంలో వైద్యం ఎంతుందో ఎవరికి తెలుసు? అందులో అమ్మ ఉండేది. అమ్మను తీసేస్తే అన్నం, కారం మిగిలాయి. నర్సక్కకు దుఃఖం ముంచుకొచ్చింది. ఏడిస్తే కుట్లు లాగుతాయని ఏడుపు కూడా ఆపుకుంది.

కాసేపటికి గిన్నెలోంచి ఇంకో పిడికెడు అన్నం తన కంచంలో వేసుకుంది.

"ఇంకింత తిను బిడ్డా" అంది పైకే.

"సాలమ్మా" అని తనే జవాబు చెప్పి, తినడం మొదలుపెట్టింది.