వీధిపోటు ఇంటి బోర్డు

నేను ఒక రేకు బోర్డును. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు: "ఈ ఇల్లు అమ్మబడును". పదమూడు నెలలు ఒకే గోడకు వేలాడి ఒక్క బేరం కూడా కుదర్చలేకపోయానని విజయనగరంలో మా పేటంతా నవ్వింది. మీరూ నవ్వుకోండి, నాకేం సిగ్గులేదు. ఎందుకు లేదో చెబుతాను.

మొదట నేను నూనె డబ్బాను. హోటలువాడు నూనె వాడుకుని పారేస్తే, ఒక పెయింటరు నన్ను కోసి, సుత్తితో సాపు చేసి, రెండు పూతలు వేశాడు. రంగు ఆరాక ఇంటి యజమాని దాలినాయుడు వచ్చి పట్టుకుపోయాడు. అక్షరాలు ఎవరికీ కనపడకుండా లోపలికి తిప్పి, చంకలో ఇరికించుకుని, సందులమ్మట నడిచాడు. అంత దాచుకునేవాడివి రాయించడమెందుకయ్యా అని నాకు ఒళ్లు మండింది.

తర్వాత తెలిసింది, పాపం. జూట్ మిల్లులో పాతికేళ్లు చాకిరీ చేసి, బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటికి వేసిన రంగులైనా వెలవకముందే మిల్లు మూతపడింది. ఇల్లు అమ్మేసి అప్పు తీర్చేద్దామని నన్ను రాయించాడు. ఇల్లు అమ్ముడుపోలేదు, నెలవాయిదాలేమో ఆగలేదు.

అమ్ముడుపోకపోవడానికి కారణం వీధిపోటు. ఎదురువీధి తిన్నగా వచ్చి ఈ ఇంటి గేటుకే తగులుతుంది. అది దోషమని, గేటు మూసేస్తే పోతుందని ఒక సిద్ధాంతి చెప్పాడు. దాలినాయుడు ఆ మాట నమ్మి, గేటు పీకించి, ఆ ఖాళీలో ఇటుకగోడ కట్టించి, పక్క సందులోంచి దారి పెట్టాడు. ఆ గోడకే నన్ను మేకులతో కొట్టాడు. ఆహా, ఏం తెలివి! అంతకుముందు వీధిపోటు సంగతి సగంమందికి తట్టేదే కాదు. గేటు మూశాక చంటిపిల్లలు కూడా చెప్పేసేవారు. కొనడానికొచ్చినవాళ్లు నన్ను చదివి, వెనకున్న గోడను చూసి, బండి దిగకుండానే తిప్పుకునిపోయేవారు.

ఇక బ్రోకరు సింహాద్రి. వారానికోసారి వచ్చి నా మీద చెయ్యి ఆనించి నిలబడేవాడు. "సగానికి ఇచ్చీ అన్నియ్యా. పోటున్న ఇల్లు ఇంకెవుడు కొంటాడు? బ్యాంకోళ్లు ఫోను సేస్తే ఎత్తకు, ఆళ్లే ఊరుకుంటారు" అనేవాడు. దాలినాయుడు ఫోను ఎత్తడం మానేశాడు. మూడు వాయిదాలు తప్పాక బ్యాంకు ఊరుకోలేదు, నోటీసు పంపింది. అది అతని భార్య పారమ్మ చేతిలో పడింది.

"ఏటిది మావా? అరవై రోజుల్లో కట్టకపోతే ఇల్లు ఏలం ఏసేత్తారంట! నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే బెంగెట్టుకుంతావని..."

"ఇప్పుడు బెంగ లేదేటి?"

పారమ్మ గోడ మీంచి నన్ను ఒక్క గుంజు గుంజి, నోటీసుతో సహా చంకలో పెట్టుకుని బయల్దేరింది. అక్షరాలు బయటికే ఉన్నాయి. దారిపొడుగునా అందరూ చదివారు, చదువుకోనీ అంది.

బ్యాంకులో పారమ్మ నన్ను మేనేజరమ్మ బల్ల మీద దబ్బున పడేసింది. "పదమూడు నెల్లు దీన్ని ఏలాడదీసినాం మేడమ్ గారూ. మేం ఎగ్గొట్టేవోళ్లం కాదు. అమ్ముడుపోకపోతే ఏటి సెయ్యాలో మీరే సెప్పండి."

మేనేజరమ్మ అద్దాలు సర్దుకుని నన్ను చదివింది. "నోటీసొస్తే ఇల్లు పోయినట్టు కాదమ్మా. ఫోను ఎత్తి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. గడువు పెంచమని అర్జీ పెట్టుకోండి, నెలకు కట్టేది తగ్గుతుంది, ఏళ్లు పెరుగుతాయి. లేదా మాతో చెప్పి, వేలం దాకా రానివ్వకుండా మీరే మంచి ధరకు అమ్ముకోండి. సగం ఇల్లు అద్దెకిచ్చినా సరే. కాకపోతే ముందు తప్పిన వాయిదాలు కట్టాలి, ఇకమీదట కట్టగలరని నాకు ఆదాయం చూపించాలి."

ఇన్ని దారులున్నాయా! మరి ఆ పెయింటరు నా మీద ఒక్కటే రాశాడేం? నాకు భలే కోపం వచ్చింది.

ఇంటికొచ్చాక పారమ్మ ఇటుకగోడ ముందు నిలబడి ఎదురువీధిని చాలాసేపు చూసింది. "ఈదంతా మనింటికేసే సూత్తంది మావా. కాపరానికి పోటైతే అయ్యింది. కొట్టుకైతే ఇంతకన్నా మంచిసోటు దొరుకుద్దా?" అని గునపం అందుకుంది.

"సిద్ధాంతి వద్దన్నాడే!"

"సిద్ధాంతొచ్చి వాయిదా కడతాడేటి?"

మొదటి దెబ్బకి నాలుగిటుకలు రాలాయి. దాలినాయుడు కాసేపు తల గోక్కుని, ఆమె చేతిలోంచి గునపం తీసుకున్నాడు. మిగతా గోడ అతనే పడగొట్టాడు. ఆ మనిషి అంత గట్టిగా ఏదైనా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు మందుల షాపు పోగొట్టుకున్న కామరాజు అప్పటికే చోటు కోసం తిరుగుతున్నాడు. ముందున్న రెండు గదులూ తీసుకున్నాడు. అతనిచ్చిన అడ్వాన్సుతో తప్పిన వాయిదాలు కట్టారు. అద్దె కాగితం, పారమ్మ కుట్టుపని లెక్క, దాలినాయుడికి పప్పుల మిల్లులో దొరికిన కొత్త పని, అన్నీ బ్యాంకుకు చూపించారు. నోటీసొచ్చిన నలభయ్యో రోజున మేనేజరమ్మ గడువు పెంచింది. ఇప్పుడు భార్యాభర్తలు వెనక గదుల్లో ఇరుగ్గా ఉంటున్నారు. నన్ను పారమ్మ కోళ్లగూటికి కప్పుగా వేసింది. ఎండకు నా రంగు పెచ్చులూడుతోంది. ఊడితే ఊడనీ.

మొన్న సింహాద్రి మళ్లీ వచ్చాడు, కూడా ఒక షావుకారిని తెచ్చాడు. షాపు నడుస్తున్న ఇల్లు కదా, ఈసారి పారమ్మకు ధర నిండుగా చెప్పాడు.

"ఇచ్చీ అప్పా, అప్పు మొత్తం తీరిపోద్ది. లేకపోతే ఇంకా పదిహేనేళ్లు కడతారా ఏటి?"

"పదిహేనేళ్లూ ఈ ఇంట్లోనే ఉండి కడతాం" అంది పారమ్మ.

సింహాద్రి నా వైపు చూశాడు, ఎర్ర అక్షరాలు చూపిద్దామని వేలెత్తాడు. నా మీద ఏం రాసి ఉంటే నీకెందుకు? అమ్మం, పో!