తాడు గుంజే మనిషి

ఏడో జనరేటర్ తాడు గుంజేసరికి మైసన్న చొక్కా కుడి చంక కింద పర్రుమంది. ఇంకోటి పోయింది అనుకున్నాడు గానీ చెయ్యి ఆపలేదు. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఆ దుకాణం షట్టర్ లేవగానే అతని మొదటి పని అదే. మిషన్లను ఒక్కొక్కటే బయట సిమెంటు గద్దె మీదికి తెచ్చి, పెట్రోలు మీట తిప్పి, చోక్ లాగి, తాడు గుంజుతాడు. నిమిషంసేపు దాని మోత విని ఆపేస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. గుంజి గుంజి కుడి భుజం ఎడమదానికంటే అంగుళం పైకి లేచింది. చూసేవాళ్లకు ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టే ఉంటాడు. నిద్రలో కూడా చెయ్యి విసురుతుంటే, రాజంపేటలోని ఇంట్లో భార్య భూమక్క ఏనాడో మంచం వేరు చేసింది. "పక్కల పండుకుంటే నన్ను సుత స్టార్ట్ జేసేటట్టున్నడు," అని నలుగురినీ నవ్విస్తుంది.

అంతటి మైసన్న ఇంట్లో జనరేటర్ లేదు. కరెంటు పోతే విసనకర్రే గతి.

కొనడానికి వచ్చినవాళ్లను ఎవరైనా ఎన్ని లైట్లు, ఎన్ని ఫ్యాన్లు అని అడుగుతారు. మైసన్న అవీ అడుగుతాడు గానీ చివరికి. అతని మొదటి ప్రశ్న వేరు. "ఇంట్ల ఎవరు గుంజుతరు?" దాని వెనక ఒక సంగతుంది. చాలా ఏళ్ల కింద భిక్నూర్ వైపు ఒకాయన కోళ్ల షెడ్డు కోసం పెద్ద మిషను కొన్నాడు. ఆయన ఊళ్లో లేని రోజు కరెంటు పోయింది. భార్య గుంజింది, గుంజింది, అరచెయ్యి తోలు లేచింది తప్ప మిషను కదల్లేదు. మూడు వందల కోడిపిల్లలు చలికి చచ్చిపోయాయి. మర్నాడు ఆమె దుకాణానికొచ్చి అరచెయ్యి చాపి చూపించింది. ఆ చెయ్యిని మైసన్న మరిచిపోలేదు. అప్పటినుంచి ఇంట్లో ఉండే మనిషి వచ్చి గుంజితే గానీ మిషను గడప దాటనివ్వడు. బేరం చెడగొడుతున్నావని సేటు సతీశ్ మొదట్లో మండిపడ్డాడు గానీ, తర్వాత ఆయనకూ అలవాటైంది. తను ఇచ్చిన మిషను అక్కరకు అందుకోలేదన్న మాట ఆ తర్వాత ఒక్కసారీ రాలేదు. మైసన్న బతుకులో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్కటే.

పదకొండు గంటలకు ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. వెనక సీటు మీద తాళ్లతో కట్టిన చిన్న జనరేటర్. మిషనును చూడగానే మైసన్నకు మనిషి గుర్తొచ్చాడు. ఎల్లారెడ్డి ఊరి చక్రధర్. కామారెడ్డిలోనే ఏదో ఆఫీసులో నౌకరీ.

రెండు నెలల కింద వచ్చాడతను. తండ్రి బాలనర్సయ్య బీడీ కార్ఖానాలో ముప్పై ఏళ్లు తంబాకు జల్లించి జల్లించి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. రాత్రీ పగలూ ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ మిషను. కరెంటు పోతే అది ఆగుతుంది. చక్రధర్‌కు రెండు జనరేటర్లు నచ్చాయి. ఒకటి చక్రాలది, ఫ్రిజ్జు కూడా నడుస్తుంది గానీ ఎద్దంత బరువు. రెండోది సూట్‌కేసులా ఒంటిచేత్తో మోసుకుపోయేది, మోత తక్కువ. దోస్తులతో పోచారం ప్రాజెక్టు దగ్గర డేరాలు వేసుకునే అలవాటుంది, అక్కడికీ పనికొస్తే బాగుండునని చక్రధర్ కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. అతను నౌకరీకి పోతే ఇంట్లో గుంజడానికి ఉండేది తల్లి దుర్గవ్వ ఒక్కతే.

"పెద్దది మీ అవ్వ గుంజలేదు. చిన్నదే తీస్కో తమ్మీ. ఇంటికైనా, డేరాకైనా ఇదొక్కటే సాలు," అన్నాడు మైసన్న.

దుర్గవ్వ మొగుణ్ని వదిలి ఇల్లు కదల్లేని మనిషి గనక మైసన్నే బస్సులో దాన్ని ఎల్లారెడ్డికి తీసుకెళ్లాడు. ఆమె ఒళ్లోని బీడీల చేట పక్కన పెట్టి లేచింది. చదువు రాదు. మైసన్న పక్కింటి పిల్లనడిగి గోళ్ల రంగు తెచ్చి మీట దగ్గర ఒక ఎర్ర చుక్క, చోక్ దగ్గర రెండు, తాడు దగ్గర మూడు పెట్టాడు. దాని పొగ విషమని, ఇంట్లోకి తేవద్దని, వాకిట్లో రేకుల కిందే నడపాలని ఆమెతో రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"భుజంతోని గాదవ్వా, నడుముతోని గుంజు."

మిషను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అందుకుంది. దుర్గవ్వ ఉలిక్కిపడి, తర్వాత చిన్నపిల్లలా నవ్వి లోపలికి కేకేసింది. "ఇన్నవా? నేనే గుంజిన!" మంచం మీంచి బాలనర్సయ్య రెండు వేళ్లు ఎత్తాడు. చెయ్యి ఒరుసుకుంటోందని ఆమె పాత చీర పేలిక తాడు పిడికి చుట్టి బీడీల దారంతో గట్టిగా కట్టింది. ఆ రోజు తిరుగు బస్సులో మైసన్న కడుపు నిండినట్టు కూర్చున్నాడు.

ఇప్పుడు అదే మిషను గద్దె మీదికి దిగింది. కింద ఎండిన ఒండ్రు, పక్కన బూడిద మరకలు.

"తీస్కో అన్నా. మాకొద్దు." చక్రధర్ హెల్మెట్ తియ్యలేదు.

మైసన్న మిషను మీదికి వంగాడు. "అందుకోలేదా? అవ్వ గుంజంగ అందుకోలేదా?"

జవాబు కోసం ఆగలేకపోయాడు. నూనె చూశాడు, పెట్రోలు చూశాడు, మీట తిప్పి, చోక్ లాగి తాడు గుంజాడు. ఒక్క గుంజుకే మిషను అందుకుంది. నవ్వుతూ తలెత్తాడు.

"మా అవ్వకు గూడ గట్లనే అందుకుంటున్నది," అన్నాడు చక్రధర్. "దినాం పోయి గుంజుతది. అందుకోంగనే బంద్ జేస్తది. మల్ల గుంజుతది. సూడలేక తెచ్చిన."

అప్పుడు హెల్మెట్ తీశాడు. తల గుండు. అక్కడక్కడా కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఇక వేరే చెప్పనక్కర్లేదు. మైసన్న నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాన్ని ఎట్లా తీసెయ్యాలో అతనికి తోచలేదు.

"ఆ దినం ఇది ఇంట్ల లేకుండెనన్నా. నేను పోచారం తీస్కపోయిన. పో బిడ్డా, ఒక్క దినమే గదా అని అవ్వనే అన్నది. ఆకాశంల మొగులు గూడ లేకుండె. ఐదు గొట్టంగ గాలిదుమారం లేసింది. లింగంపేట తొవ్వల స్తంభాలన్ని పడ్డయి. మాకు ఫోన్లు అందలే. మేము దీనితోని లైట్లు ఏసుకొని పాటలు పెట్టుకున్నం." హెల్మెట్‌ను చంకలోకి తీసుకున్నాడు. "కరెంటు పోంగనే అవ్వ రేకుల కిందికి ఉరికిందట. అలవాటుగ. ఖాళీ జాగ సూసినంక గని యాదికి రాలేదట."

మిషను మెల్లగా, సాఫీగా నడుస్తూనే ఉంది. మైసన్న వంగి ఆపాడు. గద్దె మీదే చతికిలబడ్డాడు.

"ఎవరు గుంజుతరని అడిగితి," అన్నాడు, చక్రధర్‌తో కాదు. "గుంజేటాల్లకు మిషను యాడుంటదని అడగకపోతి. డేరాకైనా ఇదే సాలని నా నోటితోని నేనే అంటి."

చక్రధర్ హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయాడు.

సేటు సతీశ్ లోపలినుంచి వచ్చి మిషనును అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్తదాని లెక్కనే ఉన్నది. తుడిచి వరసల పెట్టు," అని వెళ్లిపోయాడు. మైసన్న తడిగుడ్డ తెచ్చాడు. ఒండ్రు పోయింది, బూడిద పోయింది. ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు ఎర్రగా తేలాయి. పిడి దగ్గరికి వచ్చేసరికి అతని చెయ్యి ఆగిపోయింది.

బీడీల దారంతో కట్టిన ఆ చీర పేలిక నల్లబడి ఉంది, దాని మీద నాలుగు వేళ్ల అచ్చులు ఇంకా అట్లాగే ఉన్నాయి.