ఒక మెట్లవరుస దూరం

చేపలమ్ముకునే మనిషికి ఏళ్ళ తర్వాత సెలవు దొరికిందనుకోండి. ఇంట్లోవాళ్ళు ముచ్చటపడి పక్కూరి చేపల సంత చూపించడానికి తీసుకెళ్ళారనుకోండి. నోలీన్ పరిస్థితి అలాగే ఉంది. పన్నెండేళ్ళుగా మొగుడితో కలిసి పబ్బు నడుపుతోంది. ఇన్నాళ్ళకి ఆరు వారాల సెలవు కుదిరితే, మొగుడు కెల్విన్ ఆమెకు ఐరోపా చూపిస్తానన్నాడు. ఐరోపా అంటే అతని దృష్టిలో పబ్బులూ, బీరు తయారుచేసే చోట్లూ.

వాళ్ళ పబ్బు విమెరా ప్రాంతంలో గోధుమ పొలాల మధ్య, రైలు కట్టకు ఇవతల ఉంటుంది. కింద బారు, వెనక వంటిల్లు, పైన గదులు. వాళ్ళిద్దరూ పడుకునే గది సరిగ్గా బారు నెత్తిమీద ఉంది. కింద ఎవరు ఎవరిమీద అలిగారో, ఏ జట్టు ఓడిందో, నేలపలకల సందుల్లోంచి పైకి వచ్చేస్తుంది. కుర్చీ ఈడ్చిన చప్పుడును బట్టి లేచింది ఎవరో నోలీన్ మంచంమీద నుంచే చెప్పగలదు. ఎండలో ఆరేసి తెచ్చిన దిండు గలీబు కూడా ఆ గదిలోకి రాగానే బీరు వాసన పట్టుకుంటుంది.

బారులో బాణాలు విసిరి ఆడే బోర్డు పక్కన కెల్ ఐరోపా పటం ఒకటి తగిలించాడు. వెళ్ళాల్సిన ప్రతిచోటా గుండుసూది గుచ్చాడు. యార్క్, బ్రూజ్, బాంబర్గ్, ప్రాగ్. మొదట్లో అవి అతని సూదులే. తర్వాత బారుకి వచ్చేవాళ్ళు తలా ఒకటి గుచ్చడం మొదలుపెట్టారు. ఒకప్పుడు గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసిన మెర్వ్ ఒక్కడే మూడు గుచ్చాడు. తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక మెర్వ్ ఇంటినుంచి పబ్బుకి రావడమే పెద్ద ప్రయాణం.

"బాస్, బాంబర్గ్‌లో పొగవాసనొచ్చే బీరు ఉంటుందట. నా పేరు చెప్పి ఒకటి తాగు" అన్నాడు మెర్వ్. పబ్బులో అందరికీ నోలీన్ బాసే.

"నాకు పొగవాసన పడదు మెర్వ్. నీ చొక్కా చాలు."

"ఇదుగో, ఈ చొక్కా కూడా తీసుకెళ్ళు. అదైనా దేశాలు తిరుగుతుంది."

అందరూ నవ్వారు. నోలీన్ కూడా నవ్వింది. ఈ ప్రయాణం వద్దనాలంటే ఒక్క కెల్‌తో అంటే చాలదు, బారు మొత్తంతో అనాలి. మాంసం దుకాణం వాళ్ళు ప్రయాణానికి పెద్ద పెట్టె ఒకటి ఇచ్చారు. ఇంకెవరో ఉన్ని టోపీలు అల్లి తెచ్చారు. కెల్ అయితే కుర్రతనం నుంచి గ్లాసుల కింద పెట్టే అట్టలు పోగుచేస్తున్నాడు. ఆ అట్టలమీదున్న ఊళ్ళన్నీ ఇప్పుడు ఒక్కొక్కటే పటంమీదికి ఎక్కుతుంటే, ఇంట్లో చంటిపిల్లాడికి పళ్ళొచ్చినంత సంబరం అతనికి.

"నేను పెట్టుకున్న నియమం ఒక్కటే" అనేవాడు, వచ్చిన ప్రతివాడితోనూ. "తాగేచోటికీ పడుకునేచోటికీ మధ్య ఒక మెట్లవరుసే ఉండాలి. గదులన్నీ పబ్బుల పైనే తీసుకున్నా. టాక్సీల గొడవ లేదు. దిగితే బారు, ఎక్కితే మంచం."

"ఇక్కడున్నట్టే" అంది నోలీన్.

"సరిగ్గా ఇక్కడున్నట్టే" అన్నాడు కెల్, మురిసిపోతూ.

ఒకసారి ప్రయత్నించి చూసింది. మధ్యాహ్నం బారు ఖాళీగా ఉన్నప్పుడు, గ్లాసులు తుడుస్తూ, "ఒక వారం ఎక్కడైనా సముద్రం ఒడ్డున ఉందామా" అంది.

"ఉంది కదా. బ్రూజ్ నుంచి సముద్రం ఎంత దూరమని? ఒడ్డుమీదే ఒక పబ్బు ఉంది, పైన నాలుగు గదులు. కిటికీలోంచి..."

ఆ కిటికీలోంచి ఏం కనపడుతుందో నోలీన్ వినలేదు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తోంది.

పటంలో ఒక్కచోట మాత్రం ఎర్ర తల సూది ఉంది. బెల్జియంలో క్రైస్తవ సన్యాసుల మఠం అది. వాళ్ళు మాట తక్కువ, ప్రార్థన ఎక్కువగా బతుకుతారు. బీరు కూడా తయారుచేస్తారు. ఆ బీరు తాగడం కెల్‌కి తీర్థయాత్ర లాంటిది.

"లోపలికి రానివ్వరట" అని చెప్పాడు కెల్ మెర్వ్‌తో. "గోడ బయట పబ్బులో కూర్చుని తాగాలి. లోపల అతిథులకి గదులున్నాయి గానీ, బీరు కోసం వచ్చేవాళ్ళకి ఇవ్వరు. లోపలుంటే మాట్లాడకూడదు. అన్నం దగ్గర కూడా."

"మా ఆవిడ బతికుంటే నన్ను అక్కడికే పంపేది" అన్నాడు మెర్వ్.

నోలీన్ చేతిలో బట్ట ఆగిపోయింది. ఆ తర్వాత మఠం మాట ఆమె ఎవరితోనూ ఎత్తలేదు. బల్లలు తుడుస్తూ పటం పక్కగా వెళ్ళినప్పుడు మాత్రం ఆ ఎర్ర సూది వైపు చూసేది.

వీళ్ళు లేనప్పుడు పబ్బు చూసుకోవడానికి గ్లెనిస్ అనే ఆవిడ ఒప్పుకుంది. ఊరూరా తిరుగుతూ, యజమానులు సెలవుల్లో ఉన్న పబ్బులు నడిపిపెట్టడమే ఆమె వృత్తి. ముందుగా ఒకసారి చూసిపోదామని కారు వెనక, లోపలే పడుకునే వీలున్న ఇంటిబండి తగిలించుకుని వచ్చింది. నోలీన్ పైకి తీసుకెళ్ళి తమ గది చూపించింది. ఆమె కోసమని కొత్త దుప్పటి కూడా పరిచింది.

గ్లెనిస్ గడపలోనే ఆగి, కాలితో నేలను రెండుసార్లు తట్టింది. "కింద బారేనా?"

"బారే."

"నాకొద్దులే అమ్మాయ్. పెరట్లో నా బండి పెట్టుకుంటా."

"గది బాగాలేదా?"

"గదికేం, బంగారంలా ఉంది. పని బారులోనే, పడక బారుమీదే అయితే మనిషి ఇంటికెప్పుడు పోతుంది? ఎక్కడికెళ్ళినా ముందే చెప్పేస్తా, పైన పడుకోనని."

టీలో పంచదార వద్దన్నంత తేలిగ్గా అంది ఆ మాట. అని, నీళ్ళ గొట్టం ఎక్కడుందో చూసుకోవడానికి కిందికి వెళ్ళిపోయింది. నోలీన్ కొత్త దుప్పటి మీద కూర్చుండిపోయింది. అలా చెప్పవచ్చునని పన్నెండేళ్ళలో ఆమెకు తోచలేదు. కోపం వస్తే చెప్పాలి, ఏడుపు వస్తే చెప్పాలి అనుకుందిగానీ, ఊరికే చెప్పవచ్చని అనుకోలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, భోజనాల రద్దీ మొదలుకాకముందు, వంటింట్లో నుంచి మఠానికి ఫోన్ చేసింది. అక్కడప్పుడు పొద్దున. రొట్టె పొడిలో దొర్లించిన కోడిమాంసం ముక్కలు పళ్ళెంలో వరసగా ఉన్నాయి. పొయ్యి ఇంకా వెలిగించలేదు. అవతల ఒక ముసలి సన్యాసి గొంతు, నెమ్మదైన ఇంగ్లీషులో పలికింది.

"క్షమించాలి, అందరినీ అడగాల్సి వస్తోంది. మీరు బీరు కోసమా?"

"కాదు బ్రదర్. మాది పబ్బు. బీరు మా ఇంట్లోనే ఉంది."

"మరి దేనికోసం వస్తానంటున్నారు?"

చెప్పడానికి సిద్ధం చేసుకున్న మాటలు ఆమెకు గుర్తురాలేదు. "నేలకింద ఎవరూ మాట్లాడని గదిలో పడుకోవాలని ఉంది" అనేసి, సిగ్గుపడింది.

అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా అతిథుల గదుల కింద బంగాళాదుంపలు నిలవచేస్తాం. అవి పెద్దగా మాట్లాడవు. ఒక వారం ఇవ్వగలను. ఎంతమంది?"

బారులోంచి కెల్ నవ్వు వినిపించింది. నోలీన్ తలుపు వైపు చూసింది.

"ఒక్కదాన్నే" అంది.

కెల్‌కి చెప్పాలి కదా. ఆలస్యం చేసినకొద్దీ అది అబద్ధంలా తయారవుతుందని ఆమెకు తెలుసు. అందుకే తిన్నగా బారులోకి వెళ్ళింది. కెల్ కుళాయి దగ్గర గ్లాసు నింపుతున్నాడు.

"కెల్, ఆ మఠంవాళ్ళు గది ఇచ్చారు. లోపలే, ఒక వారం. అయితే..."

ఆ అయితే దగ్గరే ఆగిపోయింది. నురగ పొర్లిపోతున్నా కెల్ చూసుకోలేదు. మూసేవేళకి కొట్టే గంట తాడు పట్టుకుని గణగణా లాగాడు.

"అందరూ వినండర్రా. ఎవరికీ దొరకని గది మా నోలీ సంపాదించింది. మేమిద్దరం గోడ లోపల ఉండబోతున్నాం."

బారు ఘొల్లుమంది. ఎవరో బల్ల చరిచారు.

"కెల్ ఎంతసేపు నోరు మూసుకుంటాడో పందెం" అన్నాడు మెర్వ్. "నాది సూప్ వచ్చేదాకా."

"సూప్ దాకానా? గేటు దగ్గరే బ్రదర్ భుజంమీద చెయ్యేసి మొదలుపెడతాడు" అన్నారింకెవరో.

"నవ్వండ్రా నవ్వండి. మా ఆవిడ కోసం ఉంటా, నోటికి గుడ్డ కట్టుకునైనా ఉంటా" అని కెల్ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు. అతని కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో తన బీరు పిచ్చిలో ఆమె తనంతట తానే పాలుపంచుకోవడం ఇదే మొదలు అనుకున్నాడు. ఆమె తనకోసం ఒక తలుపు తీసుకుందో లేదో, కెల్ భుజాలు దాన్ని నిండా మూసేశాయి. నోలీన్ ఆ చెయ్యి కిందే నిలబడి, పొర్లిన నురగను గుడ్డతో తుడిచింది.

మర్నాడు గొట్టాలు కడిగే రోజు. నేలమాళిగలో పీపాలుంటాయి. అక్కడినుంచి బీరు గొట్టాల్లో పైకి, కుళాయిల్లోకి వస్తుంది. వారానికోసారి వాటిని మందునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో జాడించాలి. కెల్ కింద ఉండి నీళ్ళు వదులుతాడు, నోలీన్ పైన కుళాయిల దగ్గర బకెట్ పెట్టుకుని చూస్తుంది. ఇద్దరి మధ్యా కౌంటర్ వెనక నేలలో ఉన్న చెక్క తలుపు తెరిచి ఉంటుంది. మాటలు దాంట్లోంచే. ఒకరి మొహం ఒకరికి కనబడదు.

"వస్తున్నాయా?"

"ఇంకా నురగే."

"ఇప్పుడు?"

"వస్తున్నాయి." నోలీన్ కుళాయి పట్టుకునే చెప్పింది. "కెల్, ఆ మఠం గదిలో మంచం ఒక్కటే."

"సర్దుకుందాంలే. ఇరుకైతే నేను కింద..."

"నేను ఒక్కదానికే అడిగాను."

కింద చప్పుడు ఆగింది. బకెట్ నిండుతోంది. నిచ్చెన కిర్రుమంది. కెల్ తల, భుజాలు నేలలోంచి పైకి వచ్చాయి. అంతకంటే పైకి రాలేదు.

"పొరపాటున అడిగావా?"

"కాదు."

"నేనేం చేశాను?"

"నువ్వేం చెయ్యలేదు. నేను పడుకుంటే కింద బారు ఉంటుంది. నీ పటంలో ఉన్న ప్రతి గది కిందా బారే ఉంది."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్పబోయాను. నువ్వు సముద్రం ఒడ్డున పబ్బు చూపించావు."

కెల్ నేలపలక మీది గీతను గోటితో గీరుతూ ఉండిపోయాడు. "వచ్చిన కొత్తలో నువ్వే అన్నావు నోలీ. కింద నవ్వులు వినబడుతుంటే ఇల్లు నిండుగా ఉందని. నేనదే పట్టుకుని కూర్చున్నా."

"అన్నాను. అప్పుడది నిజమే."

అతను పైకి వచ్చి, చేతులు తుడుచుకుని, పటం దగ్గరికి వెళ్ళాడు. ఎర్ర సూది పీకేస్తాడనుకుంది నోలీన్. పీకలేదు. దాని పక్కన వేలు పెట్టి, కళ్ళు చికిలించి చూశాడు.

"గోడ అవతల చిన్న పొలం. పొలం దాటితే ఆ పబ్బు. పైన గదులున్నాయి. నేనక్కడ ఉంటా." వేలు తియ్యకుండానే, "సాయంత్రాలు గోడదాకా వస్తావా? మాట్లాడక్కర్లేదు, ఊరికే" అన్నాడు.

"పొలం ఎంతుంటుంది?"

"అక్కడి పొలాలేం పొలాలు. మన పెరడంత ఉంటుందేమో."

పెరడంత. గ్లెనిస్ బండి పట్టేంత. నోలీన్ దాన్ని మనసులో అటూ ఇటూ నడిచి చూసింది. ఆ చివర పబ్బు, దానిమీద గది, ఆ గది కిటికీలో గోడ వైపే చూస్తూ కెల్. అయినా మధ్యలో పొలం ఉంటుంది.

"వస్తాను. రోజూ కాదు" అంది.

కెల్ తలూపి, డబ్బాలోంచి ఇంకో సూది తీశాడు. ఎర్ర సూది పక్కన గుచ్చబోతే చోటు చాల్లేదు. రెండు తలలూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. కాసేపు ప్రయత్నించి, కొత్త సూదిని డబ్బాలో పడేశాడు.

బయట మెర్వ్ చేతికర్రతో తలుపు తట్టాడు. తెరిచేవేళ కాకముందే తట్టడం అతనికి అలవాటు. నోలీన్ కుళాయి కింద గ్లాసు పట్టి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"నీళ్ళు తేటగా ఉన్నాయి. బీరు వదులు" అంది.

కెల్ నిచ్చెన దిగాడు. కాసేపటికి నేలపలకల కిందనుంచి అతని గొంతు మొదలైంది. పీపాలతో మాట్లాడుతున్నాడు.