అన్న తెచ్చిన మోటారు

కాలిన వార్నిష్ వాసన.

గొంతులో గీరుకుపోయే వాసన. వాన రాని మధ్యాహ్నంలా పొడిగా, వేడిగా...

అది ఆమె జుట్టుకు పట్టేసింది. తలస్నానం చేసినా పోదు. హాస్టల్ గదిలో పక్క మంచం పిల్ల ముక్కు మూసుకుని నవ్వుతుంది — "నిన్ను చీకట్లో కూడా పట్టెయ్యొచ్చే!"

ఆమె పల్లె విడిచి పట్నం వచ్చింది, మోటార్లకు వైండింగ్ చుట్టడం నేర్చుకోవడానికి. రాగితీగను చుట్టలు చుట్టి, ఇనుప గాడుల్లో ఒద్దికగా సర్దడానికి. శిక్షణ ఇచ్చే షెడ్డులో మిగతా అందరూ మగపిల్లలే.

ఎందుకు వచ్చిందంటే...

ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అదే చిక్కు.

అమ్మా నాన్నా పోయాక అన్నా వదినా కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. అయినా సబ్బు అరిగిపోతే అడగాలి. చెప్పు తెగితే అడగాలి. అడిగితే ఇస్తారు. కాదనకుండా ఇస్తారు. అందుకే — అడగబోయిన ప్రతిసారీ నాలుక బరువెక్కేది.

బయల్దేరిన రోజు అన్న వాకిట్లో లేడు. పొద్దున్నే చేనికి వెళ్ళిపోయాడు. "ఆడపిల్లకు కరెంటుతో ఆటలేంటి? నాలుగు రోజులు పోతే తనే వస్తుందిలే" అన్నాడట వదినతో.

ఆమె రాలేదు.

వానా రాలేదు.

ఒక ఉదయం షెడ్డు ముందు ఆటో ఆగింది. చేలోని బావి మోటారు కాలిపోతే, దాన్ని భుజానెత్తుకుని దిగాడు అన్న. గడ్డం మాసింది. కళ్ళు లోతుకు పోయాయి. చేను ఎండుతోందని ఆయన చెప్పలేదు. పగిలిన పెదవులు చెప్పాయి.

మాస్టారు మోటారు విప్పి చూశారు. ఆమె వైపు తిరిగారు. "నువ్వు చుట్టమ్మా."

"మా చెల్లెలా? ఇంకెవరూ లేరా మాస్టారూ?"

"ఉన్నారు. ఇంత ఓపిక ఉన్నవాళ్ళు లేరు."

మాడిన తీగలు లాగేసింది. కాకి గూడులా నల్లగా రాలాయి. గాడుల్లో కాగితం పరిచింది. కొత్త రాగి — పొద్దుటి ఎండ రంగు. చుట్ట మీద చుట్ట. చుట్ట పక్కన చుట్ట.

అన్న స్టూలు మీద కూర్చున్నాడు. టీ చల్లారింది. తాగలేదు.

సాయంత్రానికి స్విచ్ వేసింది.

మోటారు మూలిగింది. తిరగలేదు.

అన్న లేచాడు. ముందే చెప్పలేదా అని అనలేదు. ఆ మాట మొహం మీదే ఉంది. మాస్టారు ముందుకు రాబోయారు.

"నేనే చూస్తాను మాస్టారూ."

చెమట కంట్లోకి జారింది. తుడుచుకోలేదు. ఒక్కో కొసనూ వేలితో వెతుక్కుంటూ వెళ్ళింది... ఒక జత కొసలు తారుమారయ్యాయి. ఇదే తప్పు. తన తప్పే.

"అన్నయ్యా, ఈ తీగ కాస్త కదలకుండా పట్టుకో."

ఆయన ఒక్క క్షణం ఆగాడు. వంగాడు. నాగలి పట్టిన మొరటు వేళ్ళతో — పిచ్చుక పిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

మళ్ళీ స్విచ్ వేసింది.

ఈసారి తిరిగింది. మొదట గుసగుసగా. తర్వాత ఏరు పారినట్టు.

మాస్టారు ఎవరినో తిట్టుకుంటూ అటు వెళ్ళిపోయారు. ఆయన మెచ్చుకోవడం అంటే అదే.

వార్నిష్ పోసి ఆరబెట్టేసరికి తెల్లారింది. అన్న మోటారును ఆటోలోకి ఎక్కించి, పక్కన కూర్చున్నాడు.

"మళ్ళీ కాలితే?"

"తీసుకురా. నేనిక్కడే ఉంటాగా."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"నేర్చుకోవడం అయిపోయాక... ఇంటికి వచ్చేస్తావుగా?"

ఆమె చేతులకు అంటిన మసిని చూసుకుంది. అబద్ధం చెప్పాలనిపించలేదు. నొప్పించాలనీ లేదు.

"వస్తాను అన్నయ్యా. మిమ్మల్ని చూసి పోవడానికి."

ఆటో కదిలింది. మలుపు దగ్గర కాస్త నెమ్మదించింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడో లేదో — మోటారు అడ్డొచ్చింది.