సొన మరకల ఫ్లెక్సీ

బసవపున్నారావు తోటలో మామిడి కోతకు బయలుదేరిన కాలనీ వాళ్లు కాయలు కోసే చిక్కాలు భుజాన పెట్టుకుని అక్కడే ఆగిపోయారు. అతని మామిడి గోదాముకీ, తమ ఇళ్లకీ మధ్యనున్న ఖాళీని జేసీబీ తవ్వేస్తోంది.

గోదాము చుట్టూ ఖాళీ వదలాలని చట్టం. నిరుడు గోదాములో గడ్డి అంటుకుంటే ఫైరింజను ఆ ఖాళీలోంచే వచ్చింది. మంటలు ఇళ్లకి పాకినా లేయా కూతురు బతికింది అందుకే.

"ఏంటండీ ఇది? గోడ మా ఇళ్ల మీదికే తెస్తారా?" అంది లేయా.

"ఖాళీ వదలక్కర్లేదని ఆఫీసులో సడలింపు ఇచ్చారమ్మా," అన్నాడు బసవపున్నారావు చల్లగా. "అభ్యంతరాలుంటే చెప్పమని మీ కాలనీ మొగలోనే ఫ్లెక్సీ కట్టారుగా. ఒక్కళ్లన్నా నోరు విప్పారా?"

లేయాకి గుర్తొచ్చింది. ఆ ఫ్లెక్సీ విప్పుకుపోయింది తనే. కోసిన కాయ నేలకి తగిలితే మచ్చపడుతుంది. అందుకే ఏ నాయకుడి ఫ్లెక్సీ అయినా మర్నాటికి మామిడిచెట్టు కింద పడుకోవాల్సిందే. దీన్నీ అలాగే, చదవకుండా, బసవపున్నారావు కాయల కిందే పరిచింది.

అందరూ ఆ సడలింపు ఇచ్చిన ఆఫీసుకు పోయారు.

"గడువు దాటిపోయింది," అన్నాడు ఆఫీసరు. "ఖాళీ వదిలితే ఆయనకి గోదాం చాలదు. కష్టం చూసి ఇచ్చాం."

కాలనీ వాళ్లలోంచి పెద్దిరాజు ముందుకొచ్చాడు. "మా వసారా జానెడు ముందుకొచ్చిందని కూల్చేశారు కదండీ. మా అమ్మ వానలో తడిసింది. అది కష్టం కాదాండీ?"

"రూలు రూలేనయ్యా."

ఉన్నవాడి ఇరుకు కష్టం, లేనివాడి ఇరుకు నేరం! లేయాకి ఒళ్లు మండిపోయింది.

బయటికి రాగానే పక్కింటి దుర్గ ఆమె మీద విరుచుకుపడింది. "అంతా నీవల్లేనే! కళ్లు మూసుకుని విప్పావా?"

"విప్పాను. తప్పే," అంది లేయా. "కానీ కోతల్లో మనం చీకటితో పోయి చీకటితో వస్తామని వాళ్లకి తెలీదా? తెలిసే కట్టారు. మనం కొయ్యకపోతే కాయ చెట్టుమీదే పండిపోయి లారీ ఎక్కదు. అదీ వాళ్లకి తెలుసు."

దుర్గ చిక్కం కింద పడేసింది. మిగతావాళ్లూ పడేశారు.

మర్నాడు జేసీబీ ముందు సొన మరకల ఫ్లెక్సీ పరిచి కూర్చున్నారు. బసవపున్నారావు ముందు బెదిరించాడు. తర్వాత కూలి పెంచుతానని బతిమాలాడు. ఎవరూ లేవకపోయేసరికి పోలీసుల్ని పిలిపించాడు. వాళ్లు లేయాని జుట్టు పట్టి ఈడ్చి జీపెక్కించారు.

ఆమె కూర్చున్న చోట దుర్గ వచ్చి కూర్చుంది. ఎస్సై లాఠీ ఎత్తాడు. "లేవండే! ఏంటీ గోల?"

"అభ్యంతరాలుంటే చెప్పమన్నారుగా అండీ," అంది దుర్గ. "చెప్తున్నాం."

జీపులోంచి లేయా చూస్తూనే ఉంది. దుర్గ పక్కన పెద్దిరాజు, అతని వెనక కాలనీ అంతా. ఆ రోజు బసవపున్నారావు తోటలో ఒక్క కాయా తెగలేదు.