విద్యాదాత మిల్లు

వేలిముద్ర మిషను మీద ఎర్ర లైటు వెలిగింది. బాలనాగమ్మ వేలు కొంగుకు తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్రదే. హిందూపురం పట్టు మిల్లు గేటు దగ్గర ఆమె వెనక యాభై మంది ఆడవాళ్ళు వరుసలో నిలబడి చూస్తున్నారు. పన్నెండేళ్ళుగా మరిగే నీళ్ళలో చేతులు ముంచి పట్టుగూళ్ళ నుంచి దారం లాగిన మనిషి. ఆ వేళ్ళ మీద ఇంకా గీతలెలా ఉంటాయి?

“మిషను పట్టకపోతే నువ్వు రానట్టే. ఇంటికి పో,” అన్నాడు సూపర్‌వైజరు కార్తీక్.

“ఎదురుగా ఉండాను కదప్పా! నీ కండ్లకు పొరలొచ్చిండాయా?”

“నా కండ్లతో పనిలేదు. మిషను చూడల్ల.”

బాలనాగమ్మకు ఏడుపొచ్చింది. అది కూలి కోసమే కాదు. యజమాని సాయిప్రసాద్ ఆ రోజే పెనుకొండలో కాలేజీ తెరుస్తున్నాడు. ఒకప్పుడు చిలమత్తూరు నుంచి సైకిలు మీద గూళ్ళ మూటలు మోసినవాడు, ఇప్పుడు ఊరంతా ‘విద్యాదాత’ అని బ్యానర్లు కట్టించుకున్నాడు. కూలీల పిల్లలకు ఉచిత సీట్లన్నాడు. మిల్లులో తల్లి హాజరు తగ్గితే బిడ్డకు సీటు లేదన్నాడు. పది పాసైన బాలనాగమ్మ కూతురు వసుధ ఆ సీటు మీదే ఆశ పెట్టుకుని ఉంది.

వరుసలో తర్వాత తిమ్మక్క. నాలుగోసారికి పచ్చ లైటు వచ్చింది. తలొంచుకుని లోపలికి పోయింది. మరిగే నీళ్ళ తొట్టి ముందు కూర్చున్నాక కోపంతో ఒళ్ళంతా మండింది. ఉడికిన గూళ్ళు ఆగవు. వెంటనే దారం తీయకపోతే పాడైపోతాయి. ఆమె నీళ్ళలోంచి చేతులు తీసి లేచి నిలబడింది.

“ఏమక్కా, యాడికి?” అంది పక్క తొట్టి ఓబులమ్మ.

“బయటికి. రేపు నా వేలూ పట్టదు, నీదీ పట్టదు. మన వేళ్ళు తిని కాలేజీ కట్టినాడు. మన బాలనాగమ్మ బిడ్డనే దాని వాకిట్లో నిలబెడతాడా?”

“పోలీసోళ్ళను పిలుస్తాడేమో!”

“పిలవనీ. వాళ్ళొచ్చి తీస్తారేమో దారం!”

ఎవరో పకపకా నవ్వారు. ఒక్కొక్కరే లేచారు. ఏ తొట్టి ముందూ మనిషి లేదు.

అందరూ చేరిన గేటు దగ్గర, కాలేజీకి బయల్దేరిన సాయిప్రసాద్ తెల్లబట్టల్లో కారు దిగాడు. “నేను అయిదుతో చదువు మానినోణ్ణి. మీ పిల్లోళ్ళు చదవల్లని కట్టినా. ఇదేనా మీ విశ్వాసం?”

“చదువు చెప్పిస్తాండావని మా నోళ్ళు కుట్టుకోవల్లనా?” అంది తిమ్మక్క. “బాలనాగమ్మను లోపలికి రానీ!”

జవాబుగా పోలీసు జీపు వచ్చింది. తిమ్మక్కను రెక్క పట్టి ఎక్కించుకుని పోయారు. లోపల గూళ్ళు పాడవుతున్నాయని కార్తీక్‌కు చెమటలు పట్టాయి. “రాండి! ఈ పొద్దు మిషను వద్దు. అందరికీ చేత్తోనే హాజరు రాస్తా!”

బాలనాగమ్మ ఏడుపు ఆగిపోయింది.

“చేత్తో రాయొచ్చునా? ఇన్నినాళ్ళూ రాసుండొచ్చునా?”

ఆమె జీపు పోయిన దిక్కుకు నడిచింది. ఒక్కరూ గేటు లోపలికి పోలేదు. రోడ్డు నిండుగా అందరూ స్టేషను దారి పట్టారు. వెనక సాయిప్రసాద్ కారు హారన్ కొడుతూనే ఉంది. ఎవరూ పక్కకు తప్పుకోలేదు.