జంజం బట్ట మీద నల్లనీళ్ళు

నులకమంచం మీద సీసా పెడ్తరా ఎవలన్న? సదువుకున్నోళ్ళు పెడ్తరు. మా ఖదీర్ మియా పెట్టిండు. ఇగ చూడున్రి నా తిప్పలు.

మాది ఛత్రినాక, చాకలోళ్ళం. నేను కాపురానికొచ్చిన కాడికెల్లి అజీజున్నీసా బీబమ్మ ఇంటి బట్టలు నేనే ఉతుకుత. నేను చెప్పేది జర్మనీ లడాయి నడుస్తున్న రోజుల మాట. సబ్బు దొరకక చౌడుతోని, సోడాతోనే పని గడిపేది. బీబమ్మ పెనిమిటి నసీరుద్దీన్ సాబు. లడాయికి ముందే ఇద్దరూ జోడుగ హజ్జుకు పోయిన్రు. అక్కడ కఫన్ బట్ట కొని, మక్కాల జంజం అనే పుణ్యపు బాయి నీళ్ళల్ల ముంచి, ఆరబెట్టి ఇంటికి తెచ్చుకునుడు వాళ్ళల్ల రివాజు. పానం పోయినంక ఆ బట్టనే సుట్టి మట్టి చేస్తరు. సాబు రెండు బట్టలు ముంచి, తన చేతులతోనే పిండిండట. ఆ ఎంబడే జరమొచ్చి అక్కడ్నే పోయిండు. ఆయన బట్ట ఆయనకైంది. బీబమ్మ తన బట్ట పట్టుకొని ఒంటిగ ఇల్లు చేరింది.

ఏటా రంజాన్ ముందు ఆ బట్టను పెట్టెలకెల్లి తీసి ఎండకేస్తది, పురుగు పట్టకుండ. నన్ను మాత్రం ఉతకనియ్యదు. "ఉతికితే ఆయన పిండిన నీళ్ళు పోతయి కాశమ్మా," అంటది. ఎండిన బట్టల నీళ్ళెక్కడియని నేను లోపల్నే నవ్వుకునేదాన్ని. ఆ ఏడు ఆమెకు ఆయాసం బాగ ముదిరింది. హకీమ్ సాబు కూడ దవా తగ్గించి దేవునికి దువా చేసుకోమన్నడు. ఇగ ఆ బట్ట పని ఎంతో దూరం లేదని ఆమెకు ఎరుకే, నాకూ ఎరుకే.

ఖదీర్ మియా ఆమె అన్న కొడుకు. అడవి జిల్లాల కొత్తగ పెట్టిన కాగితాల మిల్లుల నౌకరీ. రంజాన్ ముందు సెలవుకొచ్చినప్పుడు ఒక సీసా తెచ్చిండు, నిండ నల్లనీళ్ళు. వెదురును సోడాల ఉడకబెడితే గుజ్జు కాగితానికి పోతదట, ఈ నీళ్ళు కాల్వకు పోతయట.

"పారబోసేదాన్ని రైలెక్కించి తెచ్చినవా? మనింట్ల మురికి తక్కువైందా మియా?" అన్న.

"గట్ల అనకు కాశమ్మక్కా," అని గిలాసల కొన్ని నల్లనీళ్ళు పోసి, మీదికెల్లి పుల్లటి సిర్కా పోసిండు. అబ్బ! చూస్తుండంగనే ఇరిగిన పాల లెక్కయినయి. జరసేపటికి గోధుమరంగు పొడి అడుగుకు దిగింది, మీద నీళ్ళు తేటబడ్డయి.

"దీన్ని లిగ్నిన్ అంటరు. కట్టెను కట్టెగ నిలబెట్టే బంక ఇదే. ఇది లేకుంటే చెట్టు నిలబడది. సోడాల కరుగుతది, పులుపు తగిల్తే గడ్డకడ్తది. వేడికి మెత్తబడి అతుక్కుంటది, పొయ్యిలేస్తే బొగ్గు లెక్క మండుతది. గిన్ని గుణాలున్నదాన్ని కాల్వల ఇడుస్తున్నం," అని ఒకటే సంబురం. బీబమ్మ కూడ గిలాసను ఎండకు పట్టి చూసి, చిన్నపోరి లెక్క నవ్వింది.

అంతా మంచిగనే ఉండె. తమాషా అయినంక ఆయన సీసాను మంచం అంచుల పెట్టి, పక్కకు కూసున్నడు. ఆ మంచం మీదనే కఫన్ ఆరేసి ఉంది. నులక కుంగింది, సీసా దొర్లింది, బిరడా ఊడింది, నల్లనీళ్ళు బట్ట మీద పారినయి.

పాన్ మరకైనా తుప్పు మరకైనా మా చేతికి ముందు దొరికేది నిమ్మకాయనే. వంటింట్లకు ఉరికి, ఒక చెక్క తెచ్చి, ఆ మరక మీద పిండి రుద్దిన. "అక్కా, వద్దు!" అని ఖదీర్ మియా మొత్తుకునే వరకే ఆ నలుపు గోధుమరంగై పోగుల్ల పట్టుకుంది. నీళ్ళు పోసినా కదల్లే.

"ముందుగాల చెప్పొద్దా?" అని ఆయన మీదికి లేసిన.

"ఇప్పుడే గదా గిలాసల చూపించిన!"

"నీ గిలాస మన్నువడ! నీ సీసా మన్నువడ!" అన్న. నా చేతుల మీదనే నాకు కోపం, తిట్లేమో ఆయనకు పడ్డయి.

"సోడాల పెడితే మళ్ళ కరిగి పోతది ఫుప్పూ," అన్నడాయన, మేనత్త మొఖం చూడలేక నేల చూసుకుంట.

"మరక పోతది. దాంతోని ఆయన నీళ్ళు కూడ పోతయి," అన్నది బీబమ్మ.

"జంజం నీళ్ళు హాజీలు తెస్తరు. నేను అడిగి తెప్పిస్త."

"నీళ్ళు తెస్తరు బేటా. పిండిన చేతులు ఎవరు తెస్తరు?"

బీబమ్మ ఆయాసపడుకుంట శానసేపు కూసుంది. అట్ల కూసునే ఆ గిలాసను చూసింది. అడుగున పొడి, మీద తేట.

"ఖదీర్, మురికి కిందికి దిగింది గని నీళ్ళు యాడికి పోలే గదా?"

"పోలే ఫుప్పూ."

"అయితే కాశమ్మా, చిన్న గంగాళంల ఉతుకు. ఒక్క సుక్క కింద పడొద్దు. ఉతికిన నీళ్ళ మురికి దించున్రి. ఆ తేటల్నే నా బట్టను మళ్ళ ముంచు."

నేను ఖదీర్ మియా దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూసిండు. ఇగ లేసి గంగాళం తెచ్చిండు.

బండ మీద కొట్టకుండ, గంగాళంల సోడా వేసి, పసిపిల్లకు నీళ్ళు పోసినట్టు ఉతికిన. మరక కరిగి నీళ్ళల్లకొచ్చినంక బట్టను తీసి వేరే గిన్నెల పెట్టిన. మీరాలం మండికి పోయి నిమ్మకాయలు తెచ్చి పిండి, మిగిలిన సిర్కా కూడ పోస్తే నీళ్ళు బుసబుస పొంగినయి. ఎండల పెట్టినం. పొద్దు వాలే వరకు పొడి అడుగుకు పేరుకుంది. ఖదీర్ మియా పల్చటి మల్లు బట్టతోని వడగట్టిండు. ఎంత వడగట్టినా మెంతినీళ్ళ రంగు మాత్రం పోలే. "ఇంతకంటె తేట కాదు ఫుప్పూ," అన్నడు.

"జంజం ఏ నీళ్ళల్ల కలిసినా దాని మహిమ, దాని బర్కత్ పోదు. చాలు," అన్నది.

ముంచిన. పిండే యాళ్ళకు నాకు భయమైంది. "నేను మీ మతందాన్ని కాదు బీబమ్మా. ఖదీర్ మియా పిండుతడు."

"ఇన్నేండ్లు నా బట్టలు పిండింది ఖదీరా?" అని ఆమె లేసొచ్చింది. పెద్ద బట్టను ఇద్దరు చెరో కొస పట్టి మెలివెట్టాలె. ఒక కొస ఆమె పట్టింది. నేను ఇటు తిప్పితే ఆమె అటు తిప్పింది. ఊపిరాడక వగరుస్తనే, కండ్లల్ల నీళ్ళతోని, ఇడువకుండ తిప్పింది. నాకూ ఏడుపాగలే.

చలికాలంల ఆమె పోయింది. నేను గడప బయట నిలబడ్డ. లోపల పెట్టె తెరిసినంక ఎవరో ఆడామె గట్టిగ అన్నది, "ఇదేంది, కఫన్ జర పసుపు కొట్టింది? ఎవరు పిండిన్రు గిట్ల?"

నా నోరు ఊకుంటదా?

"సాబు పిండిండు, బీబమ్మ పిండింది, నేను పిండిన. ఉన్నదున్నట్టు సుట్టున్రి," అన్న.

లోపల ఆ బట్ట మడత విప్పిన్రు.